రాత్రి పిక్కలు పట్టేస్తే

జూన్ వచ్చిందంటే దుబాయ్‌లో మా క్యాంపులో ఏదో ఒక రూములో అర్ధరాత్రి కేక వినబడుతుంది. పిక్క రాయిలా గట్టిపడి, కాలి వేళ్లు కిందికి ముడుచుకుపోయి, మనిషి కాలు పట్టుకుని కూర్చుంటాడు. "నరం పట్టింది తమ్మీ, బలం సూది ఏయించుకో" అంటారు మా జగిత్యాల దిక్కు అన్నలు.

పట్టేది నరం కాదు, కండ. షట్టరింగ్ పనిలో పొద్దంతా నిలబడ్డ పిక్క బాగా అలసిపోతుంది. నిద్రలో పాదం కిందికి వాలినప్పుడు అది కుదించుకునే ఉంటుంది కాబట్టి కాస్త కదిలినా బిగుసుకుంటుంది. దానికి ఎండాకాలపు చెమట తోడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధమే కానీ, పొద్దున కూడా ఉక్కపోతకు బనియన్ పిండితే నీళ్లు కారతాయి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఒట్టి నీళ్లు ఎన్ని తాగినా ఆ లోటు తీరదు.

పట్టేసినప్పుడు పై బెడ్డు మీంచి దూకొద్దు, కాలు నిలవక పడిపోతారు. మోకాలు చాపి, పాదం ముందు భాగాన్ని మెల్లగా మన వైపు లాగాలి. చెయ్యి అందకపోతే పక్కవాణ్ణి లేపి, పాదాన్ని అరచేత్తో మన వైపు నెట్టి పట్టుకోమనాలి. సిగ్గేం లేదు. బిగువు వదిలాక పిక్క రుద్దుకోవాలి.

పడుకునే ముందు గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముందుకు వంగి అర నిమిషం ఆగాలి. రెండు కాళ్లకూ మూడేసి సార్లు. డ్యూటీలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ని దాని మీద రాసినన్ని నీళ్లలో కలుపుకుని తాగుతుండాలి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. బీపీకి వాడే కొన్ని మాత్రలతో కూడా పిక్కలు పడతాయి.

నాకు భయమంతా నొప్పి మాత్రలతోనే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు బ్రూఫెన్ లాంటివి రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఒళ్లంతా నొప్పులతో మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే కండ కరిగి కిడ్నీల మీద పడుతుండొచ్చు. ఒక్క కాలే వాచి, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పుడు ఒకరోజు జీతం పోతుందని చూడకండి తమ్మీ, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం వచ్చినా, స్పృహ తప్పుతున్నా ఫోర్‌మన్ కోసం ఆగకుండా 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిపించండి.