చెక్క మేడకి అసలు గండం నిప్పు కాదు

రాజమండ్రి దానవాయిపేటలో ఒక స్థలానికి 12 అంతస్తుల చెక్క మేడ గీస్తున్నాను. కింద షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన ఫ్లాట్లు. ఇంకా కాగితం మీదే ఉంది. విన్నవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "అంటుకుంటేనో?"

అంటుకుంటే పైపొర బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి కలపని కాస్తుంది. నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్లు, అంటే గంటకి నాలుగు సెంటీమీటర్ల లోపే. అది పోయినా బరువు మోసేంత లావు దూలం ముందే పెడతాం. స్ప్రింక్లర్లు ఎలాగూ తప్పవు. నార్వేలో 85 మీటర్ల చెక్క మేడ మ్యోస్టోర్నెట్ 2019లోనే లేచింది.

నా టెన్షనంతా నీళ్ళతో. నార్వేలో సంక్రాంతికి ఇల్లు కడగరు కదా! మా అమ్మ బకెట్టు బోర్లించి చీపురుతో తోసిందంటే, నీళ్ళు తూము చేరేలోపు గడప కింది సందులోకి చెంబెడు దిగుతాయి. స్లాబైతే కింది ఇంటివాళ్ళ సీలింగ్‌కి మరక పడుతుంది, ఓ గొడవ, అంతే. పొరలు అడ్డంగా, నిలువుగా అంటించిన చెక్క పలకైతే తడి లోపలే నిలిచిపోతుంది. కుళ్ళాక గానీ బయటపడదు. అందుకే బాత్రూములు, వంటిళ్ళు, వాష్ ఏరియాలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చేలా లిఫ్టు, మెట్లు ఉండే కాంక్రీటు కోర్‌కి ఆనించాను. దాంతో ఆగ్నేయం వంటిల్లు కొన్ని ఫ్లాట్లకి కుదరలేదు. ఆ పంచాయితీ వేరే.

చెదల భయానికి కింది రెండంతస్తులూ కాంక్రీటే. అమెరికాలోని మిల్వాకీలో 25 అంతస్తుల చెక్క మేడ అసెంట్‌కి కూడా కింది ఆరు కాంక్రీటువే. మన మండువా లోగిళ్ళలో స్తంభం కింద రాతి దిమ్మ వేసింది ఎందుకనుకున్నారు? మా వడ్రంగి మేస్త్రిని అడిగితే, "మొదలు తడవకూడదమ్మా, పైదంతా నేను చూసుకుంటానండి" అన్నాడు.

ఘనపు మీటరు కాంక్రీటు 2400 కిలోలు, ఈ చెక్క పలక 500 లోపు. మేడ తేలికైతే మన ఒండ్రు నేలలో లోతుగా దించే పునాది స్తంభాల (పైల్స్) ఖర్చు బాగా తగ్గుతుంది. కానీ 96 తుఫాను చూసిన కోనసీమవాళ్ళకి "తేలిక మేడ" అని చెప్పి చూడండి! మ్యోస్టోర్నెట్‌లో కూడా గాలికి ఊగకుండా పై అంతస్తులకి బరువు కోసం కాంక్రీటే పోశారు. నేనూ అదే లెక్క వేయిస్తున్నాను.

ఓనరుగారి కోరిక ఇంకోటి: "పైన ఫంక్షన్ హాలు పెడదామండి మేడమ్, గోదారి కనపడద్ది." డీజే పెట్టి రెండొందల మంది ఎగిరితే పలక అదురుతుంది, కింది ఫ్లాట్లకి నిద్రుండదు. హాలుని మొదటి అంతస్తుకి, కాంక్రీటులోకి దించేశాను. అక్కణ్ణుంచి ఎదురు మేడ వాటర్ ట్యాంకు తప్ప ఏమీ కనపడదని ఆయన అలిగారు.