కుంట కట్టించాను: కట్టా, అలుగూ ఎలా వేశామంటే

సొంత భూమిలో కుంట వేయిస్తున్నానని చెప్పగానే అందరూ లోతు ఎంత అనే అడిగారు. నా టెన్షన్ అంతా కట్ట గురించే. గండి పడితే నీళ్లు దిగువనున్న వాళ్ల మీదికే కదా పోయేది! అందుకే అనుమతి తీసుకుని, ఇంజనీరుకు స్థలం చూపించాకే పని మొదలుపెట్టాం.

ముందుగా గోతులు తీసి మట్టి చూశాం. తడిమట్టిని అరచేతుల్లో సన్నని తాడులా పేనితే తెగకుండా సాగింది. బంక సరిపడా ఉందన్నమాట. ఒక మూల మాత్రం ఇసుక పొర తగిలింది. దాన్ని తీసేసి అక్కడ బంకమట్టి వేసి దిమ్మిస కొట్టించాం.

కట్ట వచ్చే చోట గడ్డి, వేళ్లు, పైమట్టి మొత్తం గీకించాం. లోపల వేళ్లు మిగిలితే అవి కుళ్లిన చోటే నీటికి దారి దొరుకుతుంది. మధ్యలో గట్టినేల తగిలేదాకా కందకం తీసి బంకమట్టితో నింపాం. ఆపైన 15 సెంటీమీటర్ల పొరలు, పొర పొరకీ రోలర్. పొడిగా ఉంటే తడపాలి, బురదగా ఉంటే ఆరేదాకా ఆగాలి. మట్టంతా ఒకేసారి పోసి పైన తొక్కిద్దామని డ్రైవర్ అన్నాడు, నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే అడుగున మట్టి వదులుగానే ఉండిపోతుంది, తర్వాత ఎవరూ సరిచేయలేరు. తూము గొట్టం చుట్టూ రోలర్ వెళ్లదు కాబట్టి అక్కడ మనుషులే దిమ్మిస వేశారు. ఊట ఎక్కువగా మొదలయ్యేది గొట్టం వెంబడే.

అలుగును, అంటే కుంట నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారిని, కట్ట మీద పెట్టలేదు. పోసిన మట్టిని పారే నీళ్లు ఇట్టే కోసేస్తాయి. పక్కనున్న కదలని నేలలో వెడల్పుగా తీసి గడ్డి పెంచాం. వరద అలుగు పారుతున్నప్పుడు కూడా కట్ట అంచు నీటికి కనీసం 30 సెంటీమీటర్లు పైన ఉండేలా చూసుకున్నాం.

లోపలి వాలు మూడుకు ఒకటి, అంటే మూడడుగులు అడ్డంగా పోతే ఒక అడుగు దిగుతుంది. కాలు జారినవాళ్లు పైకి రాగలిగేది అలాంటి వాలు ఉంటేనే. పిల్లల కోసం చుట్టూ కంచె వేసి, ఒడ్డున తాడు కట్టిన ట్యూబు ఉంచాం.

మొదటిసారి కొంచెం కొంచెంగా నింపుతూ రోజూ కట్ట అడుగు చూశాను. తేటనీరు కాస్త చెమ్మగిల్లితే గమనిస్తూ ఉండొచ్చు. బురదనీరు వస్తే మాత్రం లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే, వెంటనే తూము తెరిచి మట్టం తగ్గించాలి. మాకు చెమ్మ కూడా రాలేదు. ఇప్పుడు కట్ట మీద గడ్డి తప్ప ఏ మొక్క లేచినా చిన్నప్పుడే పీకేస్తున్నాం, ఎలుకలు బొరియలు చేశాయేమో వెతుకుతున్నాం.