లంగా బొందు కింద నల్లమచ్చ

సార్వా కోతలప్పుడు మొదలైంది జ్వరం. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. బడి నుంచి వచ్చాక గట్టు మీద గేదెకి పచ్చగడ్డి కోసుకురావడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఒకరోజు సాయంత్రం కొడవలి పక్కన పెట్టి వసారాలో కూలబడ్డాను. చలి, వణుకు, కళ్ల వెనక పోటు. మర్నాటికి 103.

ఊళ్లో ఆర్‌ఎంపీ గారి బిళ్లలతో నాలుగు రోజులు గడిచాయి. తర్వాత టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే వైడల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, పూటకో ఇంజెక్షన్ ఇచ్చారు. ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అనుకున్నారు, అదీ కాదని తేలింది. నా అసలు జబ్బు స్క్రబ్ టైఫస్. ఆ మాట ఒక్కరి నోటా రాలేదు. దానికి పరీక్ష అక్కడ లేదు. చేతిలో పరీక్ష లేని జబ్బు డాక్టరు తలపుకు కూడా రాదని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

తొమ్మిదో రాత్రి ఆయాసం మొదలైంది. మా ఆయన కారు మాట్లాడి, ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. దారి పొడుగునా ఆయన నా చెయ్యి వదల్లేదు. 

అక్కడ పీజీ చదువుతున్న ఒక అమ్మాయి, "ఆంటీ, ఏమీ అనుకోకండి, ఒళ్లంతా చూడాలి" అని తెర లాగింది. చంకలు, మెడ, వీపు అన్నీ చూసింది. నడుము దగ్గర, లంగా బొందు కట్టుకునే చోట ఆ అమ్మాయి వేలు ఆగిపోయింది. కందిగింజంత నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు. బొందు ఒరుసుకుందనుకుని నేనే రోజూ కొబ్బరినూనె రాసుకుంటున్నాను. "సిగరెట్‌తో కాల్చినట్టు లేదూ? దీన్ని ఎస్కార్ అంటారు. ఈమధ్య గడ్డిలోకి వెళ్లారా?" అంది. అన్ని రోజుల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.

ఎలుకల మీద బతికే మైట్ అనే పురుగు పిల్లలు గడ్డిలో, పొదల్లో ఉంటాయట. కంటికి ఆనవు. అవి కుట్టిన చోటే ఆ మచ్చ పడుతుంది, ఓరియన్షియా అనే బాక్టీరియా ఒంట్లోకి దిగుతుంది. టైఫాయిడ్‌కి చేసే ఆ ఇంజెక్షన్లు దాన్ని ఏమీ చెయ్యలేవు. డాక్సీసైక్లిన్ కావాలి. నాకు ఆయాసం ఉంది కాబట్టి దానితోపాటు అజిత్రోమైసిన్ కూడా నరానికి ఎక్కించారు. జబ్బు ముదిరినప్పుడు రెండూ కలిపితేనే మేలని వేలూరు సీఎంసీ వైద్యుల ఆధ్వర్యంలో మన దేశంలోనే 794 మంది రోగుల మీద తేల్చి 2023లో ప్రచురించారని ఆ అమ్మాయే చెప్పింది. ఎవరో ఓపిగ్గా చేసిన పని అలా నా నరంలోకి వచ్చింది. రిపోర్టు కోసం ఆగకుండా ఆ రాత్రే మందు మొదలుపెట్టారు. మూడో రోజు పొద్దున్న నేనే ఇడ్లీ అడిగాను. మా ఆయన అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

రక్త పరీక్ష మెడికల్ కాలేజీ ల్యాబ్‌లోనే అయింది. డిశ్చార్జి రోజు ఆ అమ్మాయి తన ఫోన్లో ఫొటో చూపించింది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక, దాని నిండా బుల్లి గుంటలు, చాలావరకు తెల్లగా, కొన్ని పసుపుగా. "జబ్బు ఉంటే పసుపు తిరుగుతుంది. ఈ పసుపుది మీదే ఆంటీ."

అలాంటి ల్యాబులు ఊరికే రావు. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో వైరస్ ల్యాబ్‌లకూ, పరిశోధన యూనిట్లకూ డబ్బివ్వడం మొదలుపెట్టింది. 2020 మార్చిలో రాష్ట్రంలో కోవిడ్ పరీక్ష చేయగలిగిన ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నప్పుడు, కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ వాటిలో ఒకటి. ల్యాబులు, పరిశోధన కొన్ని చోట్లే ఉండడమనే బాధ అమెరికాలో కూడా ఉందని మా తోటికోడలి కొడుకు చెప్పాడు. వాడు ఆర్కాన్సాలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాడు. పరిశోధన డబ్బంతా కొన్ని రాష్ట్రాలకే పోతోందని, అక్కడి ప్రభుత్వం 1993లో ఐడియా అనే పథకం పెట్టి, వెనకబడ్డ 23 రాష్ట్రాలకూ ప్యూర్టోరికోకూ విడిగా కేటాయిస్తోందట. యంత్రానికి ఒకసారి ఇస్తే చాలదు పిన్నీ, మనుషుల్ని తయారుచేసి అక్కడే నిలబెట్టాలి అంటాడు. నిజమే. కిట్లు, జీతాలు ఏటేటా రావాలి. మెషీను మీద గుడ్డ కప్పేసి ఉంటే నాలాంటి వాళ్లకి ఏం లాభం?

మా నాయనమ్మకి బోదకాలు. రాత్రి పదింటి తర్వాత పరీక్షకి రక్తం తీసుకోవడానికి మనుషులు వచ్చేవారని, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయని ఆవిడ చెప్పేది. రాజమండ్రిలో ఫైలేరియా కేంద్రం ఉండబట్టి మా వైపు ఆ మాత్రం జ్ఞానం వచ్చింది. మరి గట్టు మీది ఈ పురుగు సంగతి? ఏ నెలలో ఎక్కువ, ఏ గట్ల మీద, ఎవరికి? దూరాన ఉన్నవాళ్లు వచ్చి చెప్పరు. ఇక్కడివాళ్లే వెతకాలి.

నెల తర్వాత చెకప్‌కి వెళ్తే ఆ అమ్మాయి తన థీసిస్ కోసం ఒక కాగితం ముందుపెట్టి, గడ్డి కోసిన చోటు గీసి చూపించమంది. కాలవ గీశాను, పంపు షెడ్డు గీశాను, మా పాక గీశాను. రెండు కొబ్బరిచెట్ల మధ్య గట్టు మీద చుక్క పెట్టాను.