సగంలో ఆగిన పనులు

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజుల్లో జీతాలు, బ్యాంకు రికన్సిలియేషన్ (మా పుస్తకాల్లోని లెక్కను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడడం), ఆడిటర్ల ప్రశ్నలు, రావలసిన బకాయిల జాబితా అన్నీ ఒకేసారి మీద పడతాయి. అప్పుడు పొద్దున కూర్చోగానే ముందు లెక్కపెట్టుకునేది, మొదలుపెట్టి సగంలో ఆపిన పనులు ఎన్ని ఉన్నాయా అని. చేయాల్సినవాటి జాబితా ఎంత పొడుగున్నా నాకు అంత టెన్షన్ ఉండదు. సగంలో ఉన్నవి పెరుగుతుంటేనే భయం.

క్యూల మీద పరిశోధన చేసిన జాన్ లిటిల్ 1961లో ఒక సూత్రాన్ని నిరూపించారు. చేతిలో సగటున ఎన్ని పనులున్నాయో, దాన్ని రోజుకు సగటున పూర్తయ్యే సంఖ్యతో భాగిస్తే ఒక్కో పని మన దగ్గర ఎన్నాళ్లుంటుందో తెలుస్తుంది. పది పనులు పట్టుకుని రోజుకు రెండు ముగిస్తుంటే, ఒక్కోటి సగటున ఐదు రోజులు. అదే వేగంతో నాలుగే పట్టుకుంటే రెండు రోజులు. మిగతావి బయట ఆగి ఉంటాయి, నిజమే. కానీ ఇంకా ముట్టుకోని పనిని వేరొకరికి ఇవ్వొచ్చు, వాయిదా వేయొచ్చు, ఒక్కోసారి అసలు అక్కర్లేదని తేలిపోతుంది కూడా. సగం చేసినదాన్ని అలా వదిలించుకోవడం కష్టం.

పైగా పని మధ్యలో లేస్తే పోయేది ఆ పది నిమిషాలే కాదు. రికన్సిలియేషన్‌లో తేడా వెతికేటప్పుడు తలలో చాలా విషయాలు ఒకేసారి నిలబెట్టుకోవాలి. తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతోందంటే ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు. తేడాలో సరిగ్గా సగం ఉన్న ఎంట్రీ కనిపిస్తే డెబిట్ వేయాల్సిన చోట క్రెడిట్ పడి ఉండొచ్చు. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతున్నప్పుడు ఫోన్ మోగితే, మళ్లీ మొదటికొస్తాం. ఒక పని ముగించకుండా ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో రాసిన పరిశోధన వ్యాసం చదివినప్పుడు, ఇది నా బల్ల దగ్గర కూర్చుని రాసినట్టుందే అనిపించింది.

లేవక తప్పనప్పుడు ఒక చీటీ రాసి పెడతాను. 'రికన్సిలియేషన్ సగం అయింది' అని రాస్తే ఉపయోగం లేదు. 'పన్నెండో తేదీ వరకు సరిపోయింది, తిరిగొచ్చిన చెక్కుల నుంచి చూడాలి' అని రాయాలి. పూర్తికాని పని తలలో తిరుగుతూ వేరే పనికి అడ్డం పడుతుందనీ, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో ఖచ్చితంగా నిర్ణయించుకుంటే ఆ గోల తగ్గుతుందనీ మనస్తత్వ శాస్త్రవేత్తలు మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రయోగాలతో చూపించారు. పని పూర్తి కాకపోయినా సరే. ఆ చీటీ రాశాక నాకు నిజంగానే తల తేలికవుతుంది.

ఇక ఏది ముందు అనేది. అమెరికా మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరుతో తిరిగే, పనుల్ని అత్యవసరమా కాదా, ముఖ్యమా కాదా అని విడదీసే నాలుగు గడుల పట్టిక మామూలు రోజుల్లో బాగుంటుంది. సంవత్సరాంతంలో అన్నీ అత్యవసరమైన, ముఖ్యమైన గడిలోనే పడతాయి. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి "అక్కా, అందరూ అర్జెంటే అంటున్నారు, ఏది పట్టుకోను?" అని అడిగింది. "ఏది ఆగితే ఇంకొకళ్ల పని ఆగిపోతుందో చూడు" అన్నాను. జీతాల ఫైలు ఆగితే ఇళ్లల్లో ఖర్చులు ఆగుతాయి, కాబట్టి అది అన్నిటికన్నా ముందు. తర్వాత ఆడిటర్ అడిగిన వోచర్లు, ఎందుకంటే అవి చూడకుండా వాళ్లు ముందుకు కదలలేరు. మేనేజర్‌కి ఇవ్వాల్సిన రిపోర్టును అందంగా తీర్చిదిద్దడం చివర్న.

ఆ చివరిదాని గురించి మాత్రం నోరు విప్పి చెప్పాలి. "సార్, ఇది గురువారం సాయంత్రం ఇస్తాను. ఇవాళే కావాలంటే బకాయిల పని పక్కన పెట్టాలి, ఏది ముందు చేయమంటారు?" ఇలా అడిగితే చాలాసార్లు గురువారమే చాలంటారు. చెప్పకుండా ఆలస్యం చేస్తే రోజూ వచ్చి అడుగుతారు, అడిగిన ప్రతిసారీ నా పని ఆగుతుంది.

రాత్రి పొద్దుపోయాక అంకెల పని పెట్టుకోను. అలసిన కళ్లతో వేసిన ఎంట్రీ మర్నాడు వెతకాల్సిన తేడా అవుతుంది. తప్పనిసరై కూర్చుంటే వోచర్లు సర్దడం, స్కాన్ చేసిన ఫైళ్లకు పేర్లు పెట్టడం లాంటివే చేస్తాను.