హారంలో ఉన్న ఏఎల్‌టీ

పొట్ట స్కానింగ్‌లో 'గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్' అని నాలుగేళ్లుగా వస్తూనే ఉంది. నొప్పి లేదు, కామెర్లు లేవు. అందరికీ ఉండేదేలే అని రిపోర్టు ఫైలులో పడేసేవాణ్ని. 52వ ఏట షుగర్ బయటపడ్డాక, కొత్త డాక్టరుగారు ఆ కాగితాలన్నీ తిరగేసి, "కొవ్వు సంగతి సరే, లివర్‌లో మచ్చ పడిందేమో చూశారా?" అని అడిగారు. ఆ గ్రేడ్ కొవ్వు గురించేనట, మచ్చల గురించి కాదట.

సూదితో లివర్ ముక్క తీస్తారేమోనని హడలిపోయాను. ఆవిడ మాత్రం నా పాత రక్తపరీక్షలోంచే మూడు అంకెలు తీసుకున్నారు. లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు రెండు, ఏఎస్‌టీ 58, ఏఎల్‌టీ 64. మూడోది ప్లేట్‌లెట్లు, 2.1 లక్షలు. వయసును ఏఎస్‌టీతో గుణిస్తే వచ్చేది పైన. ప్లేట్‌లెట్లను, వేలల్లో అంటే 210ని, ఏఎల్‌టీ వర్గమూలంతో గుణిస్తే వచ్చేది కింద. భాగిస్తే 1.8. దీన్ని ఫిబ్-4 అంటారు. (లివర్ లెక్కలో ప్లేట్‌లెట్లెందుకంటే, మచ్చలు ముదిరితే ప్లీహం ఉబ్బి వాటిని పట్టేసుకుంటుంది.) 1.3 లోపుంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే అనుమానం గట్టిదే. నాది ఎటూ కాకుండా మధ్యలో పడింది. అలాంటివాళ్లకు ఈఎల్‌ఎఫ్ అనే ఇంకో రక్తపరీక్షగానీ, లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌గానీ చేస్తారు. నాకు స్కాన్ చేశారు. 9.4 కిలోపాస్కల్స్. 8 దాటింది కాబట్టి వదిలేయడానికి లేదు, సిరోసిస్ అనేంతా కాదు.

మూడు నెలలు ఒళ్లు దాచుకోకుండా నడిచాను. ఐదు కిలోలు తగ్గాను. ఏఎస్‌టీ 54, ఏఎల్‌టీ 49 అయ్యాయి, ప్లేట్‌లెట్లు అంతే ఉన్నాయి. సంబరంగా ఫోన్‌లో లెక్క కడితే 1.9! ఆ రాత్రంతా ఒకటే టెన్షన్.

కాగితం చూసి డాక్టరుగారు నవ్వేశారు. "ఏఎల్‌టీ హారంలో ఉంది కదండీ. అది తగ్గితే స్కోరు పెరగదూ?" అన్నారు. పుట్టినరోజు వచ్చినా పెరుగుతుందట, వయసు లవంలో ఉంది మరి. ముదిరిన మచ్చలు ఎవరికి ఉండొచ్చో జల్లెడ పట్టడానికి పనికొచ్చే లెక్కతో నేను నెలనెలా మార్కులు వేసుకుంటున్నానన్నమాట. చిన్నప్పుడు భిన్నాల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాణ్ని, అదే ఎక్కువ ఉక్రోషంగా అనిపించింది.

ఏడాదికి 84 కిలోల నుంచి 76కి వచ్చాను. స్కాన్‌లో 7.1. ఏఎస్‌టీ 30, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 2.25 లక్షలు. ఈసారి నేను ఫోన్ తీయలేదు, లెక్క ఆవిడే వేశారు. 1.18. మళ్లీ ఏడాది తర్వాత రమ్మన్నారు.