పెంచలయ్యలు ఇద్దరు: వంశవృక్షం పని ఎంతవరకు వచ్చింది

ఈ విడత తేలిన పెద్ద విషయం ఇది: మా ముత్తాతే అనుకుంటూ వచ్చిన, కాగితాల్లో ఇంతకాలం కనిపిస్తున్న పెంచలయ్య ఒక్కరు కాదు, ఇద్దరు. ఒకే మనిషికి రెండు తండ్రి పేర్లు, పొంతన లేని వయసులు ఎలా వచ్చాయన్న చిక్కు దాంతో చాలావరకు విడిపోయింది.

మాది కందుకూరు తాలూకాలోని మెట్ట గ్రామం. పెంచలకోన నరసింహస్వామి పేరో, మాలకొండ స్వామి పేరో పెట్టుకోని ఇల్లు మా వైపు అరుదు. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఉంది. ఒక తాతకు ముగ్గురు కొడుకులుంటే ముగ్గురి పెద్ద కొడుకులకూ అదే పేరు పెడతారు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, వయసులో రెండు మూడేళ్లే తేడా. ఇంట్లో పెద పెంచలయ్య, చిన పెంచలయ్య అని పిలుచుకుంటారు గానీ, కాగితం మీదికి వచ్చేసరికి ఆ పెద, చిన ఒకచోట ఉంటాయి, ఒకచోట ఉండవు. కాబట్టి మా ప్రాంతంలో పేరు కలిసినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు. తండ్రి పేరు, సర్వే నంబరు కూడా కలవాలి.

జనాభా లెక్కల పత్రాలు చూస్తే సరిపోదా అని చుట్టాలు అడుగుతుంటారు. అమెరికాలో 72 ఏళ్లు, ఇంగ్లండులో 100 ఏళ్లు గడిచాక ఇంటింటి పత్రాలను అందరికీ చూపిస్తారు. మన దేశంలో ఆ దారి లేదు. ఎన్యూమరేటర్లు రాసుకున్న పత్రాలను చూసే హక్కు ఎవరికీ లేదని 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871 నుంచే జనగణన జరిగినా మన చేతికి అందేవి అచ్చయిన పట్టికలే. వాటిలో మనుషుల పేర్లుండవు. అయినా ఒక సంగతి మాత్రం అవి గట్టిగా చెబుతాయి. 29, 31 ఏళ్ల వాళ్లు కొద్దిమందే ఉంటారు, 30 దగ్గర గుట్టగా కనిపిస్తారు. 40, 50, 60 దగ్గరా అంతే. జనం వయసును గుండు అంకెల్లో చెప్పారన్నమాట.

దీన్ని కొలవడానికి విప్పుల్ సూచీ (Whipple's index) అని ఒక పద్ధతి ఉంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్య వయసున్న వాళ్లందరినీ లెక్కపెట్టి, వాళ్లలో 0తో గానీ 5తో గానీ ముగిసే వయసు వాళ్లెందరో చూడాలి. ఆ సంఖ్యను 5తో గుణించి, మొత్తంతో భాగించి, 100తో హెచ్చవేయాలి. 100 దగ్గర వస్తే వయసులు నమ్మదగినవి. 500 వస్తే ప్రతి వయసూ గుండు అంకే. ఏ పాత జాబితా దొరికినా నేను ముందు ఈ లెక్క వేస్తాను. ఎక్కువ వస్తే అందులోని వయసులకు అటూ ఇటూ ఐదేళ్లు వదులు ఇస్తాను.

ఇక పెంచలయ్యల సంగతి. మా ముత్తాత గురించి మొదట దొరికింది 1921 నాటి విక్రయ దస్తావేజు నకలు. రాసిచ్చిన మనిషి పెంచలయ్య, తండ్రి రమణయ్య, వయసు 30. మా ఇంట్లో మాత్రం ముత్తాత తండ్రి కోటయ్య అని చెప్పేవారు. దత్తత వెళ్లి ఉంటాడా, ఒకే మనిషికి రెండు పేర్లున్నాయా అన్నది తేలక ఆ కాగితాన్ని పక్కన పెట్టి ఉంచాను. ఈసారి దస్తావేజును అడుగు దాకా చదివాను. చెక్కుబందీలో, అంటే పొలానికి నాలుగు వైపులా హద్దులు రాసేచోట, తూర్పు హద్దుగా ‘కోటయ్య కుమారుడు పెంచలయ్య పొలం’ అని స్పష్టంగా ఉంది. పొలం అమ్ముతున్నది ఒక పెంచలయ్య, పక్క పొలం ఇంకో పెంచలయ్యది. ఒకే కాగితంలో, ఒకే రోజున ఇద్దరూ ఉన్నారు. మా ముత్తాత హద్దులో ఉన్నాయన. దత్తత అనుమానానికి అక్కడితో తావు లేకుండా పోయింది.

దస్తావేజు నకలు తీసుకున్నవాళ్లు సాధారణంగా మొదటి పేజీ చదివి ఆగిపోతారు. చెక్కుబందీ, సాక్షుల సంతకాలు, దస్తూరి (కాగితం రాసినవారి పేరు) చివరిదాకా చదవండి. అమ్మే మనిషి తన గురించి తాను చెప్పుకొన్నదాని కన్నా, పక్క పొలం మనిషిగా ఇంకొకరు రాయించినది మనకు ఎక్కువ పనికొస్తుంది. అక్కడ దాచడానికీ పెంచడానికీ ఏమీ ఉండదు.

వెతికే పద్ధతి కూడా చెబుతాను. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చేతిరాత ఇండెక్సుల్లో వెతికించాలి. ఇండెక్స్-1 పేర్ల వారీగా, ఇండెక్స్-2 ఆస్తి వారీగా ఉంటాయి. ఒకే పేరు పదిమందికి ఉన్న ఊళ్లో ఇండెక్స్-1 పట్టుకుంటే రోజంతా పోతుంది. గ్రామం, సర్వే నంబరు తీసుకెళ్లి ఇండెక్స్-2 అడిగితే పని తొందరగా తెమలుతుంది. సర్వే నంబరు కోసం ముందు పాత అడంగల్ (ఏ సర్వే నంబరు పొలం ఎవరిదో ఏటేటా రాసే గ్రామ లెక్క) చూడాలి. అందులో ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటుంది. మన వైపు ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అది జులై 1న మొదలవుతుంది. ఫసలీ 1331 అంటే 1921 జులై నుంచి 1922 జూన్ దాకా. ఒక్క జాగ్రత్త: చనిపోయి ఇరవై ఏళ్లయినా పట్టా తాత పేరు మీదే నడిచిన ఇళ్లు ఎన్నో. అడంగల్‌లో పేరుందంటే మనిషి బతికి ఉన్నాడని కాదు.

ముత్తాత వయసుకు ఇప్పుడు నాలుగు ఆధారాలున్నాయి. ఒకటి, 1909 నాటి భాగపంపకాల దస్తావేజు. అందులో ఆయన మైనరు, తల్లి సంరక్షకురాలు. 1875 నాటి చట్టం ప్రకారం మైనారిటీ తీరేది 18 ఏళ్లకు కాబట్టి ఆయన 1891 తరవాతే పుట్టి ఉండాలి. కోటయ్య అప్పటికే లేరని కూడా దీనివల్ల తెలిసింది. రెండు, ఇంట్లో దొరికిన పాత లెక్కల పుస్తకం. అందులో ‘విజయ నామ సంవత్సరం, మార్గశిర మాసం’ అని ఆయన పుట్టుక రాసి ఉంది. మూడు, 1952 ఎన్నికల ఓటర్ల జాబితా, వయసు 65. నాలుగు, 1968 నాటి మరణాల రిజిస్టరు, వయసు 80.

తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. విజయ అంటే 1833, 1893, 1953, 2013. 1909లో మైనరు అన్న ఆధారంతో 1893 ఒక్కటే నిలుస్తుంది. ఆ ఏడు మార్గశిరం 1893 డిసెంబరులో మొదలై 1894 జనవరి మొదటి వారంలో ముగిసింది. ఉగాదికి ముందు నెలలైన పుష్యం, మాఘం, ఫాల్గుణాల్లో పుట్టినవాళ్లకు ఇంగ్లీషు సంవత్సరం సాధారణంగా ఒకటి పెరుగుతుందని మరవకూడదు. పుస్తకంలో తిథి, వారం, నక్షత్రం ఉంటే పంచాంగ గణన చేసే వెబ్‌సైట్‌లో మూడూ కలుస్తాయో లేదో చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది సిరా. తోబుట్టువులందరి పుట్టుకలూ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే తరవాత ఎప్పుడో కూర్చుని జ్ఞాపకం మీద రాశారని అర్థం. మా పుస్తకంలో ఒక్కో పుట్టుక ఒక్కో సిరాలో ఉంది, ఎప్పటికప్పుడు రాసినట్టుంది. అందుకే దానికి అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చాను.

అలా చూస్తే 1952లో ఆయనకు 58 ఏళ్లు, జాబితాలో 65. చనిపోయేనాటికి 74, రిజిస్టరులో 80. రెండు రికార్డులూ ఆయన్ను ఆరేడేళ్లు పెద్దవాణ్ని చేశాయి. ఓటర్ల జాబితాకు వయసు చెప్పేది ఆ పూట ఇంట్లో ఉన్న మనిషి, మరణాల రిజిస్టరుకు చెప్పేది కొడుకో, పక్కింటివారో. ప్రతి ఆధారం పక్కనా ‘చెప్పింది ఎవరు’ అని ఒక గడి పెట్టుకోండి. ఇంకో చిన్న లెక్క: మన పెద్దలు ‘అరవయ్యో ఏడు నడుస్తోంది’ అంటే నిండినవి 59. 1931 జనగణనలోనైతే దగ్గరి పుట్టినరోజు లెక్కన వయసు రాయమన్నారు. ఏడాది తేడా ఇలా ఎన్నో చోట్ల పుట్టుకొస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

తాతయ్య దగ్గరికి వస్తే తిరకాసు పుట్టిన ఊరిది. ఆయన బడిపంతులు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ 1-7-1919, స్థలం నెల్లూరు జిల్లా. పెన్షన్ కాగితంలో ప్రకాశం జిల్లా. మా మేనత్త మాత్రం ‘గుంటూరు జిల్లాలో, అమ్మమ్మగారింట్లో’ అంటుంది. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. తొలికాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది. ముత్తవ్వ పుట్టిల్లు ఒంగోలు తాలూకా. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అందులోకి వెళ్లింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. సొంతూరున్న కందుకూరు తాలూకా మాత్రం 1970 దాకా నెల్లూరులోనే ఉండి, అప్పుడు కొత్త జిల్లాలోకి వచ్చింది, 2022లో కందుకూరు ప్రాంతం మళ్లీ నెల్లూరుకు వెళ్లింది. కాబట్టి జిల్లా పేరు రాసేటప్పుడు పక్కనే ఏ ఏటి కాగితమో రాయాలి. ఊరి పేరు విషయంలో రెవెన్యూ గ్రామమా, దాని శివారు పల్లెనా అన్నదీ చూడాలి. సోమశిల జలాశయం కింద మునిగిన ఊళ్ల వాళ్లకు ఇంకో తేడా వస్తుంది, పుట్టిన ఊరు, పునరావాస కాలనీ ఒకే పేరుతో వేర్వేరు చోట్ల ఉంటాయి.

జులై 1 అన్న పుట్టినరోజును నేను లెక్కలోకి తీసుకోను. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు వేసిన తేదీ అది. ఇంట్లో చెప్పే మాట ‘ఇన్‌ఫ్లుయెంజా జ్వరాల ఏడు’, అంటే 1918. ముత్తవ్వ పుట్టింటి ఊరి జననాల రిజిస్టరులో 1918 నవంబరులో ఆవిడ భర్త పేరు మీద ‘మగ శిశువు’ అని నమోదు ఉంది. బిడ్డ పేరు లేదు. పేరు పెట్టకముందే రాయించేవారు కాబట్టి పాత రిజిస్టర్లలో బిడ్డ పేరు కోసం వెతకడం వృథా, తండ్రి పేరుతో వెతకాలి. ముత్తవ్వకు కూడా రెండు పేర్లున్నాయి. అత్తగారి పేరే కోడలికీ ఉంటే ఆ పేరుతో పిలవకూడదని మెట్టినింట్లో ఇంకో పేరు పెట్టేవారు. పుట్టింటి వైపు కాగితాల్లో ఒక పేరు, మా ఊరి కాగితాల్లో ఇంకో పేరు వస్తుంది.

ఇవన్నీ గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నాను. ఒక మనిషికి ఎన్ని పేర్లయినా, ఎన్ని పుట్టిన తేదీలయినా దేని ఆధారం దానికి జోడించి ఉంచుకోవచ్చు. ‘సుమారు’, ‘ముందు’, ‘ఈ రెండు తేదీల మధ్య’ అని కూడా రాసుకోవచ్చు. ఒకటి సరైనదని తేలినా మిగతావాటిని చెరపను. 1921 కాగితంలోని 30 ఏళ్లను ముత్తాత వయసుగా దిద్దుకుని ఉంటే రెండో పెంచలయ్య ఈనాటికీ బయటపడేవాడు కాదు. ఫోటోలు తీసేటప్పుడు కాగితాన్ని పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఏటవాలుగా పెడితే మాసిన సిరా కూడా కనిపిస్తుంది. ఫైలుకు సంవత్సరం, ఊరు, కాగితం రకం, పేజీ నంబరు ఆ వరసలో పేరు పెడతాను.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు ఎన్నో గ్రామ రికార్డులు చేతులు మారాయి. కొన్ని పాత కరణాల ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. అలాంటి ఇల్లు తెలిస్తే త్వరగా వెళ్లి అడిగి ఫోటోలు తీసుకోండి, చెదలు ఆగవు.

మిగిలిన పని రమణయ్య కొడుకు పెంచలయ్యది. 1921లో పొలం అమ్మిన తరవాత మా ఊరి అడంగల్‌లో ఆయన పేరు కనిపించడం లేదు. ఆ దస్తావేజులో సాక్షిగా సంతకం చేసిన ఒకాయనది కనిగిరి తాలూకా ఊరు. ఇల్లరికం వెళ్లాడా, మామగారే సాక్షిగా వచ్చాడా అన్నది చూడాలి. ఆ ఊరి ఇండెక్స్-2లో 1921 నుంచి 1930 దాకా వెతికించడానికి దరఖాస్తు పెట్టాను.