నా కాలు గురించి ఒక్క మాటైనా అడిగినాడా?

నాయనను నిన్ననే ఇంటికి తెచ్చుకున్నాము. నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాసిపెడుతున్నా.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాయనకు 74 ఏళ్ళు, షుగర్ పాతదే. ఎడమ కాలి వేళ్ళ మధ్య పుండు లేచి, రెండు వేళ్ళు నల్లబడేదాకా మాకు చెప్పలేదు. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకపోయినాము. చేర్చుకోవడం, రక్తపరీక్షలు, డబ్బు కట్టడం అన్నీ చకచకా అయిపోయినాయి.

మొదటి రాత్రి జ్వరంలో, ఎప్పుడో పోయిన చిన్నాయనను పిలుస్తూ సెలైన్ పీకేసినాడు. మరుసటి పొద్దున సర్జన్ వచ్చి మోకాలి కిందికి కాలు తీసేయాలన్నాడు. నాయన వద్దన్నాడు. "ప్రాణం పోతుందని చెప్పినా వద్దంటున్నాడంటే మతి సరిగా లేనట్టే. సైకియాట్రీ వాళ్ళతో రాయిస్తాం, కొడుకు సంతకం చాలు" అన్నాడు సర్జన్. నేను సరే అన్నా. నాయన బతికితే చాలనుకున్నా. దాచుకోవడమెందుకు, ఆ మాట వినగానే నాకు ఊరటే కలిగింది.

రాత్రి తొమ్మిదికి ఒక కుర్ర డాక్టరు వచ్చినాడు. ఆరు మంచాల వార్డు. పక్క మంచం వాళ్ళు అన్నాలు తింటున్నారు. నాయన చెవి మిషను డబ్బాలోనే ఉంది, కళ్ళద్దాలు అక్క సంచిలో ఉన్నాయి. ఆ డాక్టరు కూర్చోలేదు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, అందరికీ వినబడేటట్టు "ఈరోజు డేట్ ఎంత?" అని అరిచినాడు.

"అమాస పోయి మూడు దినాలాయ" అన్నాడు నాయన.

డాక్టరు కాగితం మీద కొట్టివేత గీత గీసినాడు. "హండ్రెడ్‌లోంచి సెవెన్ తీస్తే ఎంత? మళ్ళీ సెవెన్ తీస్తే?" నాయన చేయి చెవి దగ్గర పెట్టుకుని "ఏందబ్బీ?" అన్నాడు. మళ్ళీ గీత. ఏ ఊర్లో ఉన్నావంటే ఆసుపత్రి పేరు చెప్పమంటున్నాడేమో అనుకుని తడబడినాడు. మళ్ళీ గీత. తినేవాళ్ళలో ఎవరో నవ్వినారు. సెనక్కాయల మండీలో నూటికి రెండు వడ్డీ ఎన్ని నెలలకు ఎంతైతుందో నోటిలెక్కన చెప్పే మనిషి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు నిమిషాల్లో "నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేదు" అని రాసేసి, కన్సెంట్ ఫారం నా చేతిలో పెట్టినారు.

పెన్ను తీసుకున్నా. అప్పుడు నాయన గోడ వైపే చూస్తూ అన్నాడు. "ఆ పిల్లోడు నా కాలు గురించి ఒక్క మాటైనా అడిగినాడా?"

అడగలేదు. తేదీ అడిగినాడు, లెక్క అడిగినాడు, ఊరు అడిగినాడు. కాలు గురించి అడగలేదు. నేను పెన్ను కింద పెట్టేసినా.

బావ అనంతపురం కోర్టులో ప్లీడరు. రాత్రే ఫోన్ చేసినా. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటో వివరించినాడు. పేషెంటు మేజరై, మత్తు దిగినాక తన నిర్ణయం తానే చెప్పగలిగినప్పుడు, ఆమె మత్తులో ఉన్న సమయం చూసి ఆమె తల్లి దగ్గర తీసుకున్న సమ్మతి చెల్లదన్నారంట. 2017 మానసిక ఆరోగ్య చట్టం మానసిక వైద్యం కోసమే వచ్చినా, దాని నాలుగో సెక్షన్లో ఉన్న మాట ఎక్కడైనా పనికొస్తుందన్నాడు. ఒక మనిషి నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ మనిషికి సామర్థ్యం లేదని అనుకోకూడదు. సర్జన్ అన్నది సరిగ్గా దానికి తలకిందులు.

పొద్దున్నే మళ్ళీ పరీక్ష చేయాలని కాగితం మీద రాసిచ్చినా. వాళ్ళు మొహం మాడ్చుకున్నారు, రెండు రోజులు నన్ను తిప్పినారు. ఒకందుకు అదీ మంచిదే అయింది. మందులతో జ్వరం దిగింది, రక్తంలో తగ్గిన సోడియం సర్దుకుంది, కలవరింత పోయింది. ఇన్‌ఫెక్షన్‌తో వచ్చే ఈ కలవరింత రాత్రిళ్ళు ఎక్కువవుతుంది, తెల్లారితే తగ్గుతుంది. రాత్రి తొమ్మిదికి చూసి ముద్ర వేయడం అన్యాయం. స్పృహ లేక ప్రాణం మీదికొస్తే డాక్టర్లు ఆగకూడదు, అది వేరే సంగతి. మాకు ఆగడానికి టైముండింది.

మూడోరోజు పది గంటలకు పెద్ద డాక్టరమ్మ వచ్చింది. మన సీమ మాటే. ముందు మమ్మల్ని బయటికి పొమ్మంది. నాయన "కొడుకు ఉండనీ" అంటే ఉండనిచ్చింది. తలుపేసి, చెవి మిషను తానే పెట్టి, స్టూలు లాక్కొని కూర్చుంది. "పెద్దాయనా, కాలికి ఏమైందంటున్నారు?"

"కుళ్ళు పట్టింది. సెనగ చెట్టుకు వేరుకుళ్ళు పట్టినట్టు."

"తీయకుంటే?"

"ఇసం ఒళ్ళంతా పాకుతాది. సచ్చిపోవచ్చు."

"మరి ఎందుకు వద్దంటున్నావు?"

నాయన చాలాసేపు ఊరకున్నాడు. చిన్నాయనకు ఇట్లే కాలు తీసినారని, నలభై దినాలు మంచంలో ఉండి పోయినాడని చెప్పినాడు. ఆ సంగతి ఇంట్లో మాకందరికీ తెలుసు. అయినా నాయన వద్దనడానికి కారణం అదేనని మాలో ఎవరికీ తట్టలేదు. ఆమె తొందరపడలేదు. చిన్నాయన పరిస్థితికి, నీకు తేడా ఏముందో సర్జన్‌తో చెప్పిస్తానంది. తర్వాత నాయనే అడిగినాడు. "వేళ్ళవరకే తీసి సూడకూడదా? పాకితే అప్పుడు కాలు తియ్యండి." అట్లాంటి దారి ఒకటుందని అంతవరకు మాకెవరూ చెప్పలేదు. రక్తం పారుతోందో లేదో స్కానింగ్ చేస్తే, మడమ దాకా బాగానే పారుతోంది. ప్రయత్నించొచ్చు, కానీ మళ్ళీ ఆపరేషన్ పడొచ్చు, ప్రమాదం కూడా ఉందని సర్జన్ ఈసారి నాయనకే చెప్పినాడు. డాక్టరమ్మ "ఇప్పుడు ఆయన చెప్పింది నీ మాటల్లో చెప్పు" అంది. నాయన చెప్పినాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి అదే అడిగింది. అదే జవాబు వచ్చింది.

మీ ఇంట్లో ఇట్లాంటిది వస్తే చెవి మిషను, అద్దాలు మరిచిపోవద్దు. తలుపు మూయమని గట్టిగా అడగండి. ఏం ప్రశ్నలు అడిగినారో, ఏ పూట అడిగినారో రాయించుకోండి. తేదీ చెప్పలేకపోవడం వేరు, తన కాలు సంగతి తెలియకపోవడం వేరు. "సామర్థ్యం లేదు" అంటే, ఏ నిర్ణయానికి లేదో చెప్పమని అడగండి. దీనికి సైకియాట్రిస్టే రావాలని కూడా లేదు, కత్తి పట్టే డాక్టరే కూర్చుని అడగాల్సిన ప్రశ్నలివి. నాలాగా ముందే సరే అనొద్దు.

ఆపరేషన్ పొద్దున నర్సు వేలిముద్ర కోసం ఇంకుప్యాడ్ తెచ్చింది. నాయన దాన్ని పక్కకు నెట్టి అద్దాలు పెట్టుకున్నాడు. సంతకం పెట్టాల్సిన ఫారం, ఆ రాత్రి నా చేతికి ఇచ్చినట్టిదే. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివి, మధ్యలో ఆగినాడు.

"ఏ కాలో రాయలేదే ఇందులో, అమ్మా."

ఆ అమ్మాయి పెన్ను తీసుకుని "ఎడమ పాదం, రెండు వేళ్ళు" అని రాసింది. నాయన దాన్ని కూడా చదువుకుని, అప్పుడు సంతకం పెట్టినాడు.